నల్ల రిబ్బను కట్టుకున్నవాడు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ మధ్య నేను నాలుగు వందల సార్లు చచ్చిపోయాను. ఈ ముక్క విని నవ్వనివాణ్ణి ఇంతవరకూ చూడలేదు. పెళ్లి భోజనాల దగ్గర చెప్పాను. గ్రంథాలయంలో పేపరు కోసం కాచుకుని కూర్చునే నా ఈడువాళ్లకు చెప్పాను. ఒకసారి బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసు గదిలో, చెప్పకూడనివాళ్ల ముందు, చెప్పకూడని సమయంలో కూడా చెప్పాను. అప్పుడూ నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపల ఒక నర్సు ఉద్యోగం పోయింది. ఇదంతా రాయడం ఆ సంగతి కోసమే. ఆమె ఆ స్థితికి రావడంలో నా వంతు ఎంతో తేల్చుకోకుండా పోవాలని లేదు నాకు.

ముందు నా పనేమిటో చెప్పాలి. ఆసుపత్రిలో నిప్పంటుకున్నా, బస్సు బోల్తాపడి ఒకేసారి పాతికమంది నెత్తురుతో వచ్చిపడ్డా, వాన నీళ్లు వార్డులోకి వచ్చినా అక్కడి సిబ్బంది ఏం చేయాలో నేర్పించడం నా పని. విపత్తు సన్నద్ధత శిక్షకుడు అని కార్డు మీద అచ్చు వేయించుకున్నాను. కార్డు చూసినవాళ్లు నన్ను డాక్టరనుకునేవారు. నేను కాదని చెప్పేవాణ్ణి కాదు. నిజానికి నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఒక సర్కారు దవాఖానాలో చీకటి గదిలో ఫిల్ములు కడుగుతూ సగం సర్వీసు గడిపాను. ఒకనాడు ఐదు రోజుల శిక్షణకు ఎవరో ఒకరిని పంపమని పైనుంచి కాగితం వచ్చింది. డాక్టర్లకు తీరిక లేదు. నర్సులను వదిలితే వార్డు నడవదు. ఎక్స్‌రే మిషను ఎలాగూ చెడిపోయి ఉంది కాబట్టి నన్ను పంపారు. ఆరో రోజు తిరిగొచ్చేసరికి నేను నిపుణుణ్ణి.

రిటైరయ్యాక అసలు గిరాకీ మొదలైంది. మా చుట్టుపక్కల నర్సింగ్ హోములకు గుర్తింపు నిలబడాలంటే ఏడాదికి రెండుసార్లు మాక్ డ్రిల్ చేసినట్టు చూపించాలి. చూపించడమంటే ఒక బ్యానరు, నాలుగు ఫొటోలు, సంతకాల రిజిస్టరు, అడుగున నా సంతకం. నేను ఎర్ర జాకెట్టు తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని దిగేవాణ్ణి. ఈల ఊదితే నిప్పంటుకున్నట్టు. రెండోసారి ఊదితే ఆరిపోయినట్టు. మధ్యలో ఏం జరగాలో అదంతా నోటితోనే నడిపేవాణ్ణి. "మెట్ల మీద పొగ కమ్మిందనుకుందాం. కరెంటు పోయిందనుకుందాం. మూడో అంతస్తు ఖాళీ అయిందనుకుందాం." మూడో అంతస్తు దగ్గరికొచ్చేసరికి నా మోకాళ్లు ఒప్పుకునేవి కావు. కాబట్టి నా డ్రిల్లుల్లో మూడో అంతస్తులన్నీ కింద నిలబడే ఖాళీ అయ్యేవి.

డ్రిల్లులో గాయపడ్డట్టు నటించేవాళ్ల చేతికి రంగులు కడతాం. ఎర్రది కట్టినవాణ్ణి ముందు చూడాలి. పసుపుపచ్చవాడు కాసేపు ఆగగలడు. ఆకుపచ్చవాడు తన కాళ్ల మీద తనే నడుస్తాడు. నల్లది కట్టినవాడికి ప్రాణం లేదు, లేదా ఇక నిలవదు. వాణ్ణి అక్కడే వదిలి పక్కవాడి దగ్గరికి పోవాలి. చదువుకోవడానికి చాలా సులువు. ఈ రంగుల కోసం నేను కోఠికి పోయి రిబ్బన్లు కొనేవాణ్ణి. మొదటిసారి దుకాణంవాడు నాలుగు రంగులూ కత్తిరిస్తూ, "ఏం ఫంక్షన్ సార్? నల్లది గూడ పెడుతున్రేంది?" అన్నాడు. "నాదే ఫంక్షన్," అన్నాను. అంత నిజం అవుతుందని అప్పుడు తెలియదు.

ఎందుకంటే నల్ల రిబ్బను కట్టించుకోవడానికి ఒక్కరు కూడా ముందుకు రాలేదు. ఎర్రదానికి పోటీ పడేవారు. పడుకోవచ్చు, మూలగొచ్చు, నలుగురు ఎత్తుకుంటారు. నల్లది తీస్తే ఒక్కొక్కరికీ ఒక్కో అడ్డు. ఒక ఆయా చేతులు రెండూ కొంగు కింద దాచుకుని, "ఆటకైనా అది మాకొద్దు సార్. ముత్తైదువలం," అంది. వార్డుబాయ్ రెండడుగులు వెనక్కి వేసి, "ఆదివారం నాకు పిల్లను సూసేదున్నది సార్. ఇయ్యాల సచ్చినోడు ఆదివారం ఎట్ల పోతడు?" అన్నాడు. రిసెప్షన్‌లో కూర్చునే అతనికి శనివారం అడ్డొచ్చింది. ఫొటోగ్రాఫరుకు వాళ్లమ్మ ఒట్టు అడ్డొచ్చింది. చివరికి నా చేతికి నేనే కట్టుకుని, నడవాలో చాప కూడా లేని నేల మీద పడుకున్నాను. ఆ తర్వాత అది ఆనవాయితీ అయింది. ఈల ఊదేవాణ్ణి నేనే, చచ్చేవాణ్ణి నేనే. చచ్చాక రెండో ఈల ఊదడానికి మళ్లీ లేచేవాణ్ణి కూడా నేనే.

ఇంటికి వస్తే మా ఆవిడ తలుపు సగమే తెరిచేది.

"ఇయ్యాల సచ్చిన్రా?"

"సచ్చిన."

"అయితే గడప దాటకుండ్రి. వెనక నుంచి పోయి నెత్తి మీద నీళ్లు పోసుకోండ్రి. బకీట పెట్టిన."

"అది ఉత్తుత్తి చావు."

"ఉత్తుత్తియే పోసుకోండ్రి నీళ్లు గూడ. గని పోసుకోండ్రి."

బతికే వచ్చానని అబద్ధం చెబితే మణికట్టు పట్టుకుని చూసేది. రిబ్బను గట్టిగా బిగిస్తే గంటవరకూ చార పోదు. 

అశోక్‌నగర్‌లో, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లున్న ఒక సందులో, ఒక మూడంతస్తుల నర్సింగ్ హోము ఉండేది. ఒకటే మెట్లదారి, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాలి. మెట్ల కింద పాత ఫైళ్లు, ఖాళీ సిలిండర్లు, కాలు విరిగిన మంచం. వాటిని తీయించమని ప్రతి రిపోర్టులోనూ రాశాను. ప్రతి రిపోర్టు చివరా "సంతృప్తికరం" అని కూడా రాశాను. అక్కడి ఇన్‌ఛార్జి నర్సుకు నలభై దాటి ఉంటాయి. అందరూ పిలిచినట్టే నేనూ సిస్టర్ అనే పిలిచేవాణ్ణి. గొంతు పెద్దది. కింద ఓపీలో నిలబడి పిలిస్తే మూడో అంతస్తు ఆయా పలికేది. చేతికర్ర పోగొట్టుకున్న ముసలాయనను కూడా నవ్వించి మాత్ర మింగించేది.

అక్కడ నా మొదటి చావు రోజున, నేను నడవాలో పడి ఉండగా, తల ఎత్తి కింద ఏదో పెట్టారు.

"ఏందమ్మా ఇది?" అన్నాను, కళ్లు తెరవకుండానే.

"మెత్త సార్. నేల సల్లగున్నది."

"నేను సచ్చిన కదమ్మా."

"సచ్చినోళ్లు గింత మాట్లాడరు. జర మూసుకొని పడుకోండ్రి."

అందరూ పగలబడి నవ్వారు. నేనూ పొట్ట ఊగేలా నవ్వాను. నిజంగా పాఠం చెప్పేవాడైతే అక్కడే లేచి కూర్చోవాలి. "సిస్టర్, నల్ల రిబ్బను దగ్గర నువ్వు ఆగావు. నువ్వు ఆగినంతసేపు ఎర్ర రిబ్బను మనిషి నెత్తురు పోతోంది," అని చెప్పాలి. నేను చెప్పలేదు. మెత్త మెత్తగా ఉంది. మరుసటిసారి మెత్తతో పాటు దుప్పటి వచ్చింది. ఆ పైసారి పెద్దాయన నేల మీద ఎంతసేపు పడుంటాడని వార్డుబాయ్‌లు అందరికంటే ముందు నన్నే కుర్చీలో ఎత్తుకుని వీధిలోకి దింపారు, చేతిలో చాయ్ కప్పు పెట్టారు. పైన ఎర్ర రిబ్బను కట్టుకున్న ఆయా గోడకు ఆనుకుని సమోసా తింటూ తన వంతు కోసం చూస్తోంది. అలా మా డ్రిల్లులో మొట్టమొదట బయటపడేది ఎప్పుడూ శవమే. దాన్ని ఫొటో కూడా తీశారు. ఆ ఫొటో రిపోర్టుకు గుండుసూదితో గుచ్చి ఇచ్చాను.

డ్రిల్లుకు ముందు సిబ్బందికి పాఠం కూడా చెప్పాలి. కాగితం మీద ఒక్కో తరగతి రెండు గంటలు. నిజంగా ఇరవై నిమిషాలు దాటితే మేనేజరు గడియారం వైపు చూసేవాడు. నేను అక్కడ పాఠం చెప్పిన చివరి ఏడాది తరగతికి సిస్టర్ అసలు రానేలేదు. పైన ఎవరికో కట్టు మారుస్తోంది. రిజిస్టరు పైకి పంపితే ఒక చేత్తో సంతకం పెట్టి పంపింది. గీత వంకరపోయింది. ఆ వంకర గీత చూసి కూడా కింద నా సంతకం చేశాను.

తర్వాత కొన్ని నెలలకు నిజంగానే నిప్పంటుకుంది. మధ్యాహ్నం. రెండో అంతస్తులో ఏసీ వైర్లు కాలాయి. మంట పెద్దది కాదట. పొగ మాత్రం మెట్లదారినే పొగగొట్టంలా వాడుకుంది. నేను ఇంట్లో అన్నం తిని నడుం వాల్చాను. ఫోన్ వచ్చింది. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వరకూ ఒక్క పరుగున వెళ్లాను.

పైన వాక్యం కొట్టేయకుండా ఉంచుతున్నాను. అందరికీ అలాగే చెప్పాను కాబట్టి అదీ ఉండాలి. నేను పరిగెత్తలేదు. ఆటో ఎక్కాను. సందు మొదట్లో ఉన్న జిరాక్స్ షాపు దగ్గర దిగాను. అక్కణ్ణుంచి పొగ కనిపించింది. ఎదురు కోచింగ్ సెంటర్ పిల్లలు తడిపిన తువ్వాళ్లు ముక్కుకు కట్టుకుని లోపలికి పోతున్నారు, కుర్చీల్లో మనుషులను మోసుకొస్తున్నారు. వాళ్లకు నేనేమీ నేర్పలేదు. నా మెడలో ఈల ఉంది. ఇంట్లోంచి వచ్చేటప్పుడు అలవాటుగా వేసుకున్నాను. జిరాక్స్ షాపు నీడలోంచి ఒక్క అడుగు ముందుకు పడలేదు. షాపువాడు, "పక్కకు జరుగు తాత, బండ్లు రావాలె," అన్నాడు. జరిగాను. అంతే నేను చేసింది.

మిగతాది చూసినవాళ్లు చెప్పగా విన్నదే. సిస్టర్, ఇద్దరు ఆయాలు, ఒక వార్డుబాయ్ కలిసి పేషెంట్లను ఒక్కొక్కరినే దింపారు. ఒక్కరు మిగిలిపోయారు. మూడో అంతస్తు చివరి గదిలో, కిడ్నీలు పాడై కాళ్లు వాచిన ముసలాయన. బరువైన మనిషి. సిస్టర్ ఒక్కతే మళ్లీ పైకి వెళ్లింది. ఫైరువాళ్లు కిటికీ ఊచలు కోసి లోపలికి పోయేసరికి రెండో అంతస్తు, మూడో అంతస్తు మధ్య మెట్ల మీద ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ఆయన పోయాడు. ఆమెకు చాలా రోజులు గొంతులో గొట్టం పెట్టారు. బతికింది. ఆ పెద్ద గొంతు మాత్రం పోయింది.

విచారణకు ఒక కమిటీ వేశారు. బషీర్‌బాగ్‌లోని ఒక ఆఫీసుకు నన్నూ పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కార్డులు జేబులో పెట్టుకుని వెళ్లాను. బల్లకు అవతల ముగ్గురు, ఇవతల నర్సింగ్ హోము మేనేజరు. మేనేజరు అప్పటికే రాసిచ్చాడు. ఆ పేషెంటు తన జబ్బుతోనే ముందే చనిపోయాడని, నర్సు శిక్షణకు విరుద్ధంగా శవం కోసం లోపలికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకుందని. ఎందుకలా రాశాడో నాకు ఆ క్షణంలోనే అర్థమై ఉండాలి. జబ్బుతో పోయిన మనిషికి మెట్లదారి జవాబు చెప్పనక్కర్లేదు, మెట్ల కింది మంచం కూడా చెప్పనక్కర్లేదు.

కమిటీలో పెద్దాయన నన్ను అడిగాడు: "ప్రాణం లేనివాళ్లను వదిలి మిగతావాళ్లను చూడాలని మీరు వీళ్లకు నేర్పించారా?"

"నేర్పించడమేంటి సార్!" అన్నాను. "దాని కోసం నాలుగు వందల సార్లు చచ్చాను."

ముగ్గురూ నవ్వారు. నల్ల రిబ్బను సంగతి, ఆయాల కొంగుల సంగతి, మా ఆవిడ బకెట్ సంగతి, అన్నీ చెప్పించుకున్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత అంత పెద్ద కుర్చీల్లోవాళ్లు నా మాట వింటున్నారు. రెక్కలొచ్చినట్టయింది. 

"ఈ నర్సు కూడా ఆ తరగతిలో ఉందా?"

"సంతకం ఉంది కదా సార్," అన్నాను.

అబద్ధం చెప్పలేదని ఆ రాత్రి మా ఆవిడతో వాదించాను. సంతకం ఉన్న మాట నిజమే కదా. మేనేజరు తన కారులో నన్ను నారాయణగూడ దాకా దింపి, "మీలాంటి అనుభవం ఉన్నోళ్లు అరుదు సార్," అన్నాడు. దానికీ పొంగిపోయాను. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. శిక్షణ సరిపడా ఇచ్చారు, సిబ్బందిలో ఒకరు నియమం ఉల్లంఘించారు. సిస్టర్‌ను తీసేశారు. ఆ తర్వాత ఇంకో నర్సింగ్ హోములో అడిగితే, చెప్పిన మాట వినని మనిషట కదా అన్నారట.

ఆ మాట చెవిన పడ్డాక నా పాత రిజిస్టర్ల కట్ట విప్పాను. నల్ల రిబ్బను నాకు కట్టిన డ్రిల్లులు వెతికాను. నాలుగు వందలు కాదు. ముప్పై ఎనిమిది. అందులోనూ కొన్ని మేనేజర్లు బ్రతిమాలితే ఫొటోకు మాత్రమే పడుకున్నవి. నా ఉద్యోగమంతా కలిపి చూస్తే ఇంతే. కరోనా వచ్చినప్పుడు విపత్తుల్లో ఏం చేయాలో చెబుతూ నేను అచ్చు వేయించిన పుస్తకంలో ఒక్క పేజీ ఎవరికీ పనికిరాలేదు. ఆ రోజుల్లో నేను వెనక గదిలో గడియపెట్టుకుని, తలుపు కింది సందుకు పాత లుంగీ కుక్కి కూర్చున్నాను. ఆసుపత్రులవాళ్లు సలహా కోసం ఫోన్ చేస్తున్నారని వీధిలో చెప్పాను. ఎవరూ చేయలేదు. ఎవరైనా చేస్తే ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

కమిటీకి ఉత్తరం రాశాను. తరగతి ఇరవై నిమిషాలేనని, ఆ రోజు ఆమె అందులో లేదని, ఆ సంతకం విలువ నాకు తెలిసే దాని కింద సంతకం చేశానని, మూడో అంతస్తు నేను ఎప్పుడూ ఎక్కలేదని. నా జీవితంలో పెంచకుండా, కుదించకుండా రాసిన కాగితం అదొక్కటే. తీసుకుని బషీర్‌బాగ్ వెళ్లాను. కిటికీలోని అమ్మాయి తిరగేసి చూసి, "కమిటీ అయిపోయింది కదా అంకుల్. ఇది ఏ ఫైల్ల పెట్టాలె?" అంది. నాలుగు నెలల తర్వాత మళ్లీ వెళ్తే ఆ అమ్మాయి లేదు, నా కాగితమూ లేదు.

ఆ బిల్డింగ్ ఇప్పుడు పరీక్షలకు చదువుకునే ఆడపిల్లల హాస్టలు. అదే మెట్లదారి. మెట్ల కింద నీళ్ల క్యాన్లు, చెప్పుల రాశి, రెండు గ్యాస్ బండలు. ఒకనాడు ఆగి వాచ్‌మన్‌తో, "ఇవి తీయించాలయ్యా," అన్నాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి, "ఓనర్‌కు చెప్పుండ్రి సార్. ఇంతకు మీరెవరు?" అన్నాడు. జేబులో కార్డు ఉంది. తీయలేకపోయాను.

అప్పట్నుంచి ఒక ఆలోచన నన్ను వదల్లేదు. నేను సిస్టర్‌కు నేర్పింది మాటలతో కాదు, ఒళ్లుతో. ఏడాదికి రెండుసార్లు నేను శవంలా పడుకున్నాను, ఆమె ఆగి తల కింద మెత్త పెట్టింది, నేను సంతోషపడ్డాను. చచ్చినవాడి దగ్గర ఆగడమే ఆమెకు అలవాటు చేశాను. నిజంగా పొగ కమ్మిన రోజున ఆమె కాళ్లు ఆ అలవాటుతోనే శవం దగ్గరికి నడిచాయి. కమిటీ ముందు నోరు జారడం రెండో తప్పు. మొదటి తప్పు, అసలు తప్పు, ఆ మెత్త. ఇంతవరకూ రాసి, ఆమెకు వినిపించి క్షమాపణ అడుగుదామని కాగితాలు పట్టుకుని వెళ్లాను. ప్రమాదం జరిగాక ఆమె ఇంటికి పోవడం అదే మొదలు. 

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో ఒక గదిలో కిరాయికి ఉంటోంది. మెట్లెక్కితే ఊపిరందదని కింద భాగంలోనే తీసుకుంది. చీరలకు ఫాల్స్ కుడుతోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక, చేత్తో స్టూలు చూపించింది.

"కూసోండ్రి సార్. సన్నబడ్డరు."

గొంతు గరగరమంటోంది. ఒక్కో మాటకూ మధ్య గాలి పీల్చుకుంటోంది. మొదట్నుంచీ చదివాను. నాలుగు వందల దగ్గర కొంచెం నవ్వింది. వార్డుబాయ్ పెళ్లిచూపుల దగ్గర, "గాడికి ఇద్దరు పిల్లలిప్పుడు," అంది. మెత్త సంగతి వచ్చాక సూది ఆగింది. ఆమె శవం కోసం వెళ్లిందని రాసిన చోటికి వచ్చాను.

"ఆగుండ్రి. ఎవరు సార్ శవం?"

"ఆ చివరి గది ముసలాయన."

"మీరు సూసిన్రా?"

"లేదమ్మా. రిపోర్టులో..."

"రిపోర్టు మేనేజర్ సాబ్ రాసిండు. మీరెట్ల రాస్తున్రు?"

కాగితాలు సర్దుకున్నాను. "నా వల్లనే నువ్వు మళ్లీ పైకి పోయినవని చెప్తున్న. తప్పు నాది. ఆ మెత్త రోజునే నిన్ను ఆపి ఉంటే..."

"మెత్తకు, దీనికి ఏం సంబంధం?" దారం పళ్లతో తెంపింది. "మీ బట్టనెత్తి బండకు తగిలితే సప్పుడైతదని పెట్టిన. గంతే. పొగ గూడ మీ కోసమే వచ్చిందా సార్?"

నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"ఆయన బతికే ఉండె," అంది. కాసేపు గాలి పీల్చుకుంది. "నేను కింద నిలబడి ఇంటున్న. బిడ్డా, నన్ను ఇడిసిపెట్టకు అని మొత్తుకుంటున్నడు. పోయిన. రెక్కల కింద చేతులేసి గుంజిన. సగం మెట్లు దిగినంక, నా మీద ఒరిగి, ఆడ సచ్చిండు. పొగతోటి సచ్చిండు. గొంతు ఎల్లకపోతే అదంతా కాగితం మీద రాసి కమిటీకి ఇచ్చిన. మీరు పోయి సచ్చినోళ్లను ఇడిసిపెట్టాలని నేర్పిన అని నవ్వుకుంట చెప్పినంక, నా కాగితం ఎవరు సదువుతరు? ఆయనను సచ్చినోళ్లల్ల కలిపిన్రు మీరందరు. ఆయన బిడ్డలకు గూడ గదే చెప్పిన్రు."

"నాకు తెలియదమ్మా."

"అడిగిన్రా? గిన్నొద్దులల్ల ఒక్కసారన్న వచ్చి అడిగిన్రా?"

లేదన్నాను. కాగితాలు మడిచి జేబులో పెట్టుకోబోతే ఆమె చెయ్యి చాపి ఆపింది.

"పెట్టుకోకుండ్రి. నేను చెప్పింది గూడ రాయుండ్రి దాంట్ల. ఆయన బతికే ఉండె అని రాయుండ్రి. ఇంగొకటి. మీ వల్ల పోయిన, మీ వల్ల పోయిన అని రాసుకున్రు గదా, అది కొట్టేయుండ్రి. మీ క్లాసుల చెప్పింది ఒక్కటంటె ఒక్కటి నాకు యాదికి రాలే సార్ ఆ రోజు. మీరు గూడ యాదికి రాలే."